కనుమ రోజు బ్రూనోకి ఏం పెట్టాలి?

ప్రశ్న: మాది తెనాలి. సంక్రాంతికి మా అబ్బాయి, కోడలు హైదరాబాద్ నుంచి వస్తూ వాళ్ల కుక్క బ్రూనోని కూడా తీసుకొస్తున్నారు. ల్యాబ్రడార్, నాలుగేళ్లది, ముప్పై కిలోలు ఉంటుంది. ఇంటినిండా అరిసెలు, సున్నుండలు, జంతికలు పెట్టుకుని దానికి మాత్రం రోజూ వేసే ప్యాకెట్ తిండే వేయడానికి నాకు మనసొప్పడం లేదు. మా ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది. దానికోసం నేనే బిస్కెట్లు చేద్దామనుకుంటున్నాను. బెల్లం, నెయ్యి వేయొచ్చా? ఇంకో సంగతి. మా అత్తగారికి ఎనభై దాటాయి. మూగజీవి చూస్తుండగా మనం ఎలా తింటామంటూ తన విస్తట్లోది తీసి పెట్టేస్తారు. కోడలికి అది అస్సలు ఇష్టం ఉండదు. పోయినేడు వాళ్లిద్దరి మధ్య నేను నలిగిపోయాను. అలాగే కనుమ నాడు మా వీధి కుక్కలకు కూడా ఆ బిస్కెట్లు వేయొచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం:

అమ్మా, తప్పకుండా చేయండి. కనుమ అంటేనే పశువుల పండగ. ఎద్దులకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులు పూసి, వాటికి పెట్టాకే మనం తినే రోజు. ఆ రోజు ఇంట్లో తిరిగే కుక్కకు ఏదైనా ప్రత్యేకంగా చేయాలనిపించడం చాలా సహజం. నేపాల్‌లో మన దీపావళి రోజుల్లోనే తిహార్ అనే పండగ చేస్తారు. అందులో రెండో రోజు అచ్చంగా కుక్కలదే. కుకుర్ తిహార్ అంటారు. నుదుట బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి మరీ తినిపిస్తారు.

బెల్లం, నెయ్యి మాత్రం రెండూ వద్దు. బెల్లం విషం కాదు, కానీ దానివల్ల బ్రూనోకి ఒరిగేదేమీ లేదు. కుక్కలకు తీపి తెలుస్తుంది, ఇష్టం కూడా. ఆ కాస్త తీపి గుమ్మడికాయలోనే ఉంది, చిలగడదుంపలోనూ ఉంది. సంక్రాంతికి రెండూ బజారులో దండిగా దొరుకుతాయి. నెయ్యి సంగతి వేరు. అలవాటు లేని కుక్క ఒక్కసారిగా నూనె, నెయ్యి ఓడే పదార్థాలు తింటే క్లోమం వాచే ప్రమాదం ఉంది. డాక్టర్లు ప్యాంక్రియాటైటిస్ అంటారు. ఆగకుండా వాంతులవుతాయి, పొట్ట ముట్టుకోనివ్వదు, ముందుకాళ్లు చాచి వెనకభాగం పైకెత్తి నిలబడుతుంది. సెలైన్ పెట్టించుకుంటూ ఆసుపత్రిలో ఉండాల్సిన పరిస్థితి వస్తుంది. ఒక్క అరిసె తిన్నంత మాత్రాన ఇదంతా జరుగుతుందని కాదు. కానీ పండగ ఇంట్లో ఒక్కటితో ఎవరూ ఆపరు. తాతగారు ఒకటి, పిల్లలు రెండు, పక్కింటివాళ్లు ఇంకోటి. ఎవరు ఎంత పెట్టారో ఎవరికీ తెలియదు.

ఇక బిస్కెట్లు. పిండివంటల మూకుడు పొయ్యి మీదకు ఎక్కకముందే, బెల్లం దంచకముందే ఇవి అయిపోవాలి. అరిసెల పాకం పట్టీ పట్టీ చేతులు పడిపోయాక బ్రూనో పని ఎలాగూ వాయిదా పడుతుంది. అంతకంటే ముఖ్యం, అప్పటికి గట్టు మీదా, మిక్సీ గిన్నెలోనూ, చేతులకీ ఉప్పు, ఉల్లిపాయ, నూనె అంటుకుని ఉంటాయి. భోగికి రెండు రోజుల ముందు ఉదయం పూట పెట్టుకోండి.

తీపి గుమ్మడి ముక్కలు తొక్క తీసి, ఆవిరి మీద ఉడికించి, గరిటెతో మెత్తగా మెదపండి. బూడిద గుమ్మడి దీనికి పనికిరాదు, అంతా నీరే. నీళ్లలో వేసి ఉడికిస్తే గుజ్జు పలచనై పిండి ఎక్కువ పడుతుంది, అందుకే ఆవిరి. ముప్పావు కప్పు గుజ్జుకి రెండు కప్పుల గోధుమపిండి, ఒక గుడ్డు, రెండు పెద్ద చెంచాల వేరుశనగ ముద్ద సరిపోతాయి. ఉప్పు లేదు, పంచదార లేదు, సోడా లేదు, బేకింగ్ పౌడర్ లేదు. ఇది పొంగాల్సిన పని లేదు. మీ వంటింట్లో గుడ్డు పెట్టరనుకుంటే మానేసి గుజ్జు ఇంకో రెండు చెంచాలు కలపండి, బిస్కెట్ కాస్త పెళుసుగా వస్తుంది, అంతే.

వేరుశనగ ముద్ద ఇంట్లోనే చేయండి. గుళ్లు దోరగా వేయించి, పొట్టు చెరిగి, ఏమీ కలపకుండా మిక్సీలో నూనె తేలేదాకా తిప్పితే చాలు. వేయించే ముందు పళ్లెంలో పోసి ఒక్కసారి చూడండి. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయాలి. ఆ బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ కుక్కల కాలేయాన్ని పాడు చేస్తుంది, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. బజారులో దొరికే పీనట్ బటర్‌తో ఇంకో చిక్కు ఉంది. కొన్నిటిలో చక్కెరకు బదులు జైలిటాల్ వాడతారు. మనకు ఏమీ కాదు. కుక్కకు అరగంటలోనే రక్తంలో షుగర్ పడిపోయి, తూలి, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు, కాలేయం కూడా దెబ్బతినొచ్చు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల కోసం తెచ్చిన షుగర్‌ఫ్రీ బిస్కెట్లు, చూయింగ్ గమ్, చాక్లెట్లు ఏవైనా ఉంటే వాటినీ బ్రూనోకి అందని చోట పెట్టండి.

పిండి చపాతీ పిండి కంటే గట్టిగా ఉండాలి. కలిపి పది నిమిషాలు మూతపెట్టి, పావు అంగుళం మందాన ఒత్తి, చాకుతో చిన్న చిన్న పలకలుగా కోయండి. గవ్వలంత ఉన్నా చాలు. కుక్కకు సైజుతో పని లేదు, ఎన్నిసార్లు పెట్టారన్నదే దానికి లెక్క. ఫోర్కుతో ఒక్కోదానికి రెండు గాట్లు పెడితే పొంగకుండా లోపలిదాకా కాలుతుంది. ఓటీజీని 170 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడెక్కనిచ్చి, కింద పైన రెండు రాడ్లూ పెట్టి, నడిమి అరలో 25 నుంచి 30 నిమిషాలు ఉంచండి. చిన్న ఓటీజీలు ఒక్కోసారి చెప్పిన డిగ్రీల కంటే ఎక్కువే కాలుస్తాయి, ఇరవయ్యో నిమిషంలో ఓసారి తొంగి చూడండి. అంచులు ఎర్రబడగానే స్విచ్ ఆపేసి, తలుపు తీయకుండా అందులోనే చల్లారనివ్వండి. ఆ వేడికి లోపలి తడి ఆరిపోతుంది. విరిస్తే టక్కుమనాలి. వంగితే ఇంకా తడి ఉందన్నమాట, 100 డిగ్రీల మీద ఇంకో అరగంట పెట్టాలి.

ఓటీజీ లేని పాఠకులు కుక్కర్‌లో చేసుకోవచ్చు. రబ్బరు, వెయిట్ రెండూ తీసేసి, అడుగున అంగుళం మందాన ఉప్పో ఇసుకో పోసి, దాని మీద స్టాండు, స్టాండు మీద పళ్లెం. సన్న సెగన నలభై నిమిషాలు. ఒకవైపే ఎర్రబడుతుంది కాబట్టి మధ్యలో తిప్పాలి. అయ్యాక ఆ ఉప్పు కుక్కకు అందకుండా చూసుకోండి.

ఇందులోనే కొంచెం పిండి పక్కన పెట్టి, అరచేతిలో గుండ్రంగా తట్టి, పైన నాలుగు నువ్వు గింజలు అద్ది కాల్చండి. చూడ్డానికి బుల్లి అరిసెల్లా ఉంటాయి. ఇవి మీ అత్తగారి కోసం. అంటే, ఆవిడ చేత్తో బ్రూనోకి పెట్టడం కోసం.

ఈ బిస్కెట్ల అసలు ఉపయోగం నా దృష్టిలో ఇదే. బ్రూనోకి పండగ తెలియదు, పిండివంట రాలేదని అది బాధపడదు. బాధపడేది దాని ఎదురుగా కూర్చుని తినే మనుషులు. పెద్దావిడకు పెట్టకుండా తినడం చేతకాదు. ఎనభై ఏళ్లు అలాగే బతికారు, అది మంచి అలవాటే. ఆవిణ్ని పెట్టొద్దు అనకండి. ఏం పెట్టాలో ఆవిడ చేతికి ఇవ్వండి. ఉదయాన్నే ఆ రోజు కోటా ఓ చిన్న స్టీలు డబ్బాలో వేసి, "అత్తయ్యా, బ్రూనో అరిసెలు మీ దగ్గరే ఉంటాయి, ఎవరు పెట్టాలన్నా మిమ్మల్నే అడగాలి" అని చెప్పండి. పిల్లలు, చుట్టాలు అందరూ ఆవిడ దగ్గరకే వస్తారు. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. మీ కోడలికి కూడా ఎవరితోనూ గొడవ పడాల్సిన అవసరం రాదు.

కోటా ఎంతంటే, రోజంతా తినే తిండిలో పదో వంతుకు మించి చిరుతిళ్లు ఉండకూడదన్నది పశువైద్యులు చెప్పే లెక్క. ముప్పై కిలోల ల్యాబ్రడార్‌కు రోజుకు సుమారు 1,400 కేలరీలు కావాలి. అంటే చిరుతిండికి 140. పైన చెప్పిన పిండిని యాభై ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 22 కేలరీల దగ్గర ఉంటుంది. కాబట్టి రోజుకు ఆరు. అవే ముక్కలు సగానికి కోస్తే పన్నెండు సార్లు పెట్టొచ్చు, మీ ఇంట్లో అందుకే సగానికి కోయమంటాను. ఆరు బిస్కెట్లు పెట్టిన రోజు దాని మామూలు తిండిలో ఆ మేరకు తగ్గించమని అబ్బాయికి చెప్పండి. ఐదు కిలోల పొమేరియన్ అయితే ఇలాంటిది రోజుకు ఒకటిన్నర, అంతకంటే వద్దు.

"అంతేనా, పాపం ఇంకా ఆకలిగా చూస్తోందే" అంటారు అత్తగారు. ల్యాబ్రడార్ ఎప్పుడూ అలాగే చూస్తుంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చిన విషయం ఒకటుంది. దాదాపు నాలుగోవంతు ల్యాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుంది. కడుపు నిండిందని మెదడుకు తెలియజేయడంలో ఆ జన్యువుకు పాత్ర ఉంది. తిన్నా తినాలనే ఉంటుంది వాటికి. ఈ మాట ఆవిడకు చెప్పి చూడండి. ఆకలి కాదు, దాని పుట్టుకే అంత అని తెలిస్తే మనసు కాస్త కుదుటపడుతుంది.

ఇప్పుడు మీరు అడగనిది, కానీ నేను చెప్పి తీరాల్సింది. మీ బిస్కెట్లతో బ్రూనోకి ప్రమాదం లేదు. మీ వంటింట్లోని మిగతావాటితోనే ఉంది.

మొదటిది చింతపండు. కిస్‌మిస్, ద్రాక్ష తింటే కుక్కల కిడ్నీలు పాడవుతాయన్న సంగతి చాలాకాలంగా తెలుసు. అందులో ఏది కారణమో మాత్రం తెలిసేది కాదు. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ విష నియంత్రణ కేంద్రం పశువైద్యులు అది టార్టారిక్ ఆమ్లం కావొచ్చని ప్రతిపాదించారు. క్రీమ్ ఆఫ్ టార్టార్ (ఆ ఆమ్లం నుంచి వచ్చే లవణం) కలిపి పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన ఆటపిండిని తిన్న కుక్కకు సరిగ్గా ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు దెబ్బతినడం వాళ్లను అటు నడిపించింది. ఆ తర్వాత చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే కనిపించింది. చింతపండు పులుపంతా ప్రధానంగా ఆ ఆమ్లమే. అమెరికా ఇళ్లలో చింతపండు అరుదు, మన ఇంట్లో అది లేనిదే పండగ లేదు. పులిహోర కోసం నానబెట్టిన గిన్నె, పిండేసిన పిప్పి, చెత్తబుట్టలో పడ్డ పిక్కలు, ఇవన్నీ కుక్క ముక్కుకు అందే ఎత్తులోనే ఉంటాయి. పిప్పిని ఎప్పటికప్పుడు సంచిలో ముడివేసి బయట పారేయండి. ఇంత తింటే ఫరవాలేదు అని చెప్పగల కొలత ఏదీ లేదు కాబట్టి పులిహోర ముద్ద కూడా పెట్టొద్దు. కిస్‌మిస్ విషయంలోనూ అంతే. పరమాన్నంలో, కేసరిలో వేసేది మనకు నాలుగు పలుకులే, దానికి ఆ నాలుగూ ఎక్కువే కావొచ్చు.

రెండోది ఉల్లి, వెల్లుల్లి. పచ్చివైనా, ఉడికినా, పొడి చేసినా తేడా లేదు, కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. కనుమ నాటి కోడి కూర పులుసులో కలిపిన అన్నం అందుకే వద్దు. గారెల పిండిలో ఉల్లిపాయ తరుగు వేస్తే గారె కూడా వద్దు. కూరలోని ఎముకలు మరీ ప్రమాదం. ఉడికిన ఎముక విరిగితే సూదిలా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. విస్తళ్లు ఎత్తగానే నేరుగా మూత ఉన్న డబ్బాలోకి వెళ్లాలి. బ్రూనోకి మాంసం పెట్టాలని ఉంటే, కూర వండే ముందే ఎముకలేని ముక్కలు నాలుగు తీసి, ఉప్పూ కారం లేకుండా నీళ్లలో ఉడికించి ఇవ్వండి. బిస్కెట్ల కంటే దానికి అదే ఇష్టంగా ఉంటుంది, నిజం చెప్పాలంటే.

చాక్లెట్ సంగతి మీ కోడలికి తెలిసే ఉంటుంది. జాజికాయ పొడి కూడా కుక్కలకు మంచిది కాదు. భోగి నాడు మనవలకు భోగిపళ్లు పోస్తే, అయిపోయేదాకా బ్రూనోని వేరే గదిలో ఉంచండి. నేల మీద దొర్లే రేగిపళ్లు గింజలతో సహా మింగేస్తుంది, వాటితోపాటు చిల్లర నాణేలు కూడా. ఆ తర్వాత చీపురు పట్టి మంచాల కిందదాకా ఊడ్చాకే వదలండి.

ఒకవేళ ఏదైనా తినేసిందనుకోండి. లక్షణాలు కనిపించేదాకా ఆగొద్దు. కిడ్నీ దెబ్బతిన్న సంగతి బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, అప్పటికి చేయగలిగింది తగ్గిపోతుంది. తిన్న గంటా రెండు గంటల్లో తీసుకెళ్తే డాక్టరే మందిచ్చి కక్కించగలరు. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టించడం మాత్రం అస్సలు చేయకండి, ఆ ఉప్పే ప్రాణం మీదకు తెస్తుంది. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. పండగ మూడు రోజులూ క్లినిక్‌లు మూసి ఉండొచ్చు కాబట్టి మీ ఊళ్లో ఎవరు అందుబాటులో ఉంటారో ఇప్పుడే కనుక్కుని నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ పండగ రోజుల్లో చూస్తారో లేదో కూడా ముందే ఫోన్ చేసి అడగండి.

బిస్కెట్లు చేసే ముందు కోడలికి ఓసారి ఫోన్ చేయండి. ఇందులో ఇవి ఇవి వేస్తున్నాను, బ్రూనోకి వీటిలో ఏదైనా పడదా అని అడగండి. కొన్ని కుక్కలకు గుడ్డు పడదు, కొన్నిటికి గోధుమ పడదు. గోధుమ పడకపోతే రాగిపిండి, బియ్యప్పిండి సగం సగం వేసి గుజ్జు కాస్త పెంచండి. ఎలా అన్నా, మొదటి రోజు ఒకట్రెండు ముక్కలే పెట్టి మర్నాడు విరేచనం ఎలా ఉందో చూశాక మిగతావి. మీరు అడిగారన్న ఒక్క మాటతోనే కోడలి టెన్షన్ సగం తగ్గుతుంది. ఆ అమ్మాయి కోపం అత్తమామల మీద కాదు, తన కుక్కకు ఏమవుతుందోనన్న భయం అది.

వీధి కుక్కలకు కూడా ఇవే వేయొచ్చు. ఒకేచోట కుప్పగా పోస్తే కొట్లాడుకుంటాయి, దూరం దూరంగా, రోడ్డుకు పక్కగా వేసి వెనక్కి జరగండి. పళ్లు అరిగిన ముసలివాటికి నీళ్లలో నానబెట్టి వేయండి. తెలియని కుక్కకు పిల్లల చేత నోటికి అందించనివ్వకండి. మిగిలిపోయిన పులిహోర, కూర ముక్కలు మీ బ్రూనోకి ఎంత చెడ్డో వాటికీ అంతే చెడ్డ. వాటి కడుపు నిండాలంటే బిస్కెట్ల కంటే మెత్తగా వండిన అన్నంలో ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టడం మేలు.

బిస్కెట్లు బాగా ఆరితే గాలి చొరని డబ్బాలో పది రోజులు ఉంటాయి. మెత్తబడినా, వాసన మారినా పారేయండి. లోపల కాస్త తేమ మిగిలిందనిపిస్తే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడేయాలి. వెళ్లేటప్పుడు కొన్ని కట్టి ఇవ్వండి, కానీ కారు ఎక్కే ముందు మూడు నాలుగు గంటలు బ్రూనోకి ఏమీ పెట్టొద్దని అత్తగారికి ముందు రోజే చెప్పి ఉంచండి. నిండు కడుపుతో బయల్దేరితే దారిలోనే కక్కుకుంటుంది.